తాడు అవతలి రాయి

మా ఆయన నబీ రసూల్ నోట రోజుకు ఒక్కసారైనా "మా యమ్మ రియాద్‌లో ఉన్నెప్పుడు" అనే మాట రాకపోతే ఆయనకు తిన్నది అరగదు. పెళ్ళైన కొత్తలో ఆ మాటలు నోరు తెరుచుకుని విన్నాను. తర్వాత తర్వాత చెవులు తూట్లు పడ్డాయి. కూర బాగుంటే వాళ్ళమ్మ రియాద్‌లో వండిన కూర గుర్తొస్తుంది, రోడ్డు బాగుంటే రియాద్ రోడ్డు గుర్తొస్తుంది. తీరా చూస్తే ఈయన ఆ ఊరి ముఖం ఎరగడు. ఉద్యోగం బురైదాలో. ఖర్జూరం తోటల నుంచి గోదాములకు పెట్టెలు తోలే వ్యాను నడుపుతాడు.

మా అత్త జైతూన్ బీ ఆయన చిన్నప్పుడు రియాద్‌లో ఒక ఇంట్లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, పనిచేసింది. మాది రాయచోటి. మా మామ పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆయన మంచాన పడితే, ఒక్కగానొక్క కొడుకును ఆడబిడ్డ దగ్గర వదిలి మా అత్త విమానం ఎక్కింది. మధ్యలో రెండు మూడుసార్లు సెలవు మీద వచ్చి పోయిందే తప్ప, కొడుకు మీసాలు మొలిచేదాకా ఆమె బతుకంతా అక్కడే గడిచింది.

శుక్రవారం శుక్రవారం ఆమె ఫోన్ చేసేది. వీధి చివర టెలిఫోన్ బూత్ ఉండేది. పొద్దున్నుంచే ఈయన అక్కడ కాచుకుని కూర్చునేవాడట. "యెప్పుడొస్తావు మా" అని ఏడుపు మొదలుపెట్టేవాడట. ఒక శుక్రవారం ఆమె ఆ ఏడుపుకు అడ్డం వేసి చెప్పిందట, ఇంటోళ్ళతో కలిసి మ్యూజియంకు పోయినాననీ, అక్కడ ఆకాశంలోంచి పడిన రాయి ఉందనీ. "నల్లగా ఉండాది నాయనా. మన బర్రె పడుకుంటే ఎంతుంటాదో అంత. చేత్తో ముట్టుకున్యా. కొత్త కుండలో నీళ్ళ మాదిరి సల్లగా ఉండాది." ఈ నాలుగు ముక్కలూ నాకు కంఠతా వచ్చు. మా కూతురు మెహక్‌కు జోలపాట బదులు వాళ్ళ నాన్న చెప్పేది ఇదే.

బడిలో ఈయన ఈ సంగతి చెబితే మస్తాన్ అనే పిల్లవాడు "ఫోటో ఏదిరా" అన్నాడట. ఈయన వాడి మీద పడి కొట్టాడట. ఆ మస్తాన్ ఇప్పుడు రాయచోటిలో సిమెంటు అంగడి పెట్టుకున్నాడు, ఇద్దరూ ప్రాణ స్నేహితులు. ఇప్పటికీ కలిసినప్పుడల్లా వాడు "ఫోటో ఏదిరా" అనడం, ఈయన వాడి వీపు మీద ఒకటి వేయడం మామూలే.

మా ఊళ్ళో గల్ఫ్ అంటే కువైటే. ఇంటికొకరు అక్కడుంటారు, పోయినవాళ్ళకు తోడూ నీడా దొరుకుతుంది. అందరూ కువైట్ వీసా కోసం ఏజెంట్ల చుట్టూ తిరుగుతుంటే ఈయన మాత్రం పట్టుబట్టి సౌదీకి పోయాడు. ఎందుకంటే వాళ్ళమ్మ చూసిన దేశం అది. పోయి బురైదాలో పడ్డాడు. ఎండలో, ఇసుక గాలిలో, వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్, పిలిచినప్పుడల్లా పరుగెత్తుతూ బతుకుతున్నాడు. సెలవుకు వచ్చి నాచేత నడుం నొప్పికి నూనె రాయించుకుంటూ కూడా రియాద్ సంగతే మాట్లాడతాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి పోయి ఆ రాయి చూసి రావచ్చు కదా అంటే, "అమ్మతోనే చూడాల" అని కూర్చున్నాడు.

ఈసారి కుటుంబ విజిట్ వీసా దొరికింది. మా అత్త, నేను, మెహక్, ఇంకా పాకడం కూడా రాని మా కొడుకు సుభాన్ బురైదాలో దిగాం. దిగిన రోజు నుంచి నాకు ఒక వింత కనబడుతోంది. ఊళ్ళో మా అత్త గొంతు వీధి చివరికి వినబడుతుంది. నేను అన్నం కాస్త మెత్తగా వండితే ఆ రోజంతా నాకు అక్షింతలే. అలాంటి మనిషి ఈ దేశపు నేల మీద కాలు పెట్టగానే గొంతు తగ్గించింది. మేం నడుస్తుంటే నాలుగడుగులు వెనక నడుస్తుంది. సంచులన్నీ తనే భుజాన వేసుకుంటుంది. మేం తిన్నాక తింటుంది. బండి ఎక్కమంటే అందరికంటే వెనక సీట్లోకి దూరుతుంది. నాకు ఒళ్ళు మండేది. కోడలు ముసలామెతో బరువులు మోయిస్తోందని చూసేవాళ్ళు అనుకోరూ? ఒకసారి బజారులో సంచి లాక్కోబోతే నా చెయ్యి విదిలించి, "నువ్వు పోమ్మే ముందర" అని గుసగుసగా అంది. గట్టిగా కూడా అనలేదు.

సెలవు రోజు చూసుకుని, కఫీల్ పాత ఏడు సీట్ల బండి అడిగి తీసుకుని, పొద్దున్నే రియాద్‌కు బయలుదేరాం. దారి పొడవునా ఈయన నోటికి తాళం లేదు. ఫోన్‌లో దారి చూపే ఆడగొంతును కూడా మాటలకు అడ్డమని నొక్కేశాడు. "మ్యూజియం కాడికి పోయినంక మా యమ్మే చూపిస్తాది. యాడ ఏముండాదో ఆమెకు తెలీదా?" అన్నాడు. అద్దంలో వెనక సీటు చూశాను. మా అత్త కిటికీ వైపు తల తిప్పుకుని ఉంది.

సగం దూరం దాటాక పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. అక్కడ ఆడవాళ్ళ నమాజు గది ఉంది. ఈయన మెహక్‌ను తీసుకుని టీ తేవడానికి పోయాడు. నేను గది మూలన సుభాన్‌కు పాలిస్తున్నాను. ఇంకెవరూ లేరు. మా అత్త నమాజు చేసి, దువా కోసం చాపిన చేతులు దించకుండా చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత నా దగ్గరికి జరిగి నా బురఖా చేతి గుడ్డ పట్టుకుంది.

"ఇష్రతా, నాకొక సాయం చెయ్. మ్యూజియం కాడ బిడ్డ ఏడుస్తాండాడని చెప్పి నన్ను బయటే కూర్చోబెట్టు. మీరు పోయి చూసి రండి."

"ఎందుకత్తా? అంత దూరం పోయి బయట కూర్చుంటావా?"

"లోపల నాకు దోవ తెల్దు."

"ఎన్నో ఏండ్లు అయింది గదా, మర్చిపోయింటావులే."

"మర్చిపోయేకి చూసింటే గదా." ఆమె పట్టుకున్న గుడ్డ వైపే చూస్తోంది. "ఒక్కసారి గూడా లోపలికి పోలేదుమే. ఇంటోళ్ళు పోతారు. పసిబిడ్డను, సంచులను నాకిచ్చి పోతారు. నేను బయట కూర్చునేదాన్ని. బయటికొచ్చినంక వాళ్ళ పెద్దపిల్ల నూరా నా పక్కన కూర్చోని అంతా చెప్పేది, లోపల అది ఉండాది, ఇది ఉండాది అని. మంచి పిల్ల. రాయి సంగతి ఆ పిల్ల చెప్పిందే. సల్లగా ఉండాది అన్నింది ఆ పిల్లే. వీడు ఫోన్లో ఏడుస్తాంటే ఏం చెప్పాల నేను? అంట్లు తోమినా, బాత్రూములు కడిగినా అని చెప్పాల్నా? రాయి చెప్పినా. ఏడుపు ఆపినాడు. ఆ పొద్దు నుంచి వాడు అదే అడిగేది. నేనూ అదే చెప్పేది."

నిజం చెప్పాలంటే, ముందు నాలో ఒక దుర్బుద్ధి తల ఎత్తింది. ఒక్క మాట చాలు, ఇన్నేళ్ళ గొప్పలు ఈ బంకు దగ్గరే రాలిపోతాయి. రేపటి నుంచి నేను ప్రశాంతంగా కూర వండుకోవచ్చు. ఆ ఆలోచన ఎంతోసేపు నిలవలేదు. ఊళ్ళో నన్ను గడగడలాడించే ఈమె ఇప్పుడు నా చేతి గుడ్డ వదలకుండా, నేను ఏమంటానో అని నా నోటి వైపు చూస్తోంది. నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు కోపమూ వచ్చింది.

"వానికి తెలిస్తే?" అంది. "ఊరంతా కువైట్‌కు పోతాంటే వాడు నా మాట నమ్మి ఈ ఎడారికి వచ్చినాడు. ఆ మాటే అబద్ధం అని తెలిస్తే ఇంక వానికి నా మీద ఏముంటాది?"

"తెలీదులే. నేను చెప్పను. కానీ బయట మాత్రం కూర్చోవద్దు. నువ్వు లోపలికి రావాల," అన్నాను. ఆమె వద్దు వద్దంటుంటే వినకుండా లేచాను. మా ఇంట్లో మొండితనం ఆమె ఒక్కదాని సొత్తు కాదు.

మ్యూజియం ముందర పెద్ద తోట ఉంది. చెట్లు, పచ్చిక, నడిచే దారులు, అక్కడక్కడా బెంచీలు. ఈయన బండి నిలిపి దిగి, చొక్కా సర్దుకుని, పెళ్ళికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. ద్వారం వైపు నాలుగడుగులు వేశామో లేదో, మా అత్త నా చంకలోంచి సుభాన్‌ను అందుకుంది. నా భుజం మీది పాలసీసాల సంచి, మెహక్ తినుబండారాల సంచి, నీళ్ళ బాటిల్ అన్నీ తన భుజానికి మార్చుకుంది. మార్చుకుని, ఎవరూ చెప్పకుండానే, ద్వారం పక్కనున్న ఒక పెద్ద చెట్టు వైపు తిరిగి నడిచింది. కావాలని చేసినట్టు లేదు. కాళ్ళు వాటంతటవే అటు పోయాయి.

ఆ చెట్టు కింద బెంచీ మీద అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒంటినిండా నల్లటి అబాయా, తలకు రంగురంగుల గుడ్డ, ముందర తోపుడు బండిలో నిద్రపోతున్న అరబ్బు బిడ్డ, చుట్టూ సంచులు. మా అత్త వచ్చి నిలబడగానే ఆమె జరిగి చోటు ఇచ్చింది. ఏ దేశం అనీ, ఎవరి ఇల్లు అనీ అడగలేదు.

"అమ్మా, యాడికి?" అని ఈయన వెనక నుంచి కేకేశాడు.

ఆ తెలుగు మాట విని బెంచీ మీది ఆమె గబుక్కున తలెత్తింది. "మీరు తెలుగోళ్ళా అండీ?" అని నవ్వింది. "నా పేరు ఆశ అండి. మాది రాజోలు దగ్గర. మీరూ బాబుని పట్టుకుని బయట కూర్చోడానికేనా పిన్నిగారూ?"

మా అత్త ముఖం చూడలేకపోయాను. పోయి ఆమె చేతుల్లోంచి సుభాన్‌ను లాక్కుని నా చంకన వేసుకున్నాను. "ఈమె మా అత్త. లోపలికి పోవాల," అన్నాను, అవసరమైన దానికంటే కాస్త గట్టిగానే. పాపం ఆశ ఏం తప్పు చేసిందని. "అయ్యో, ఏవనుకోకండి. వెళ్ళి చూసి రండి పిన్నిగారూ," అంది. సంచులు మాత్రం మా అత్త ఇవ్వలేదు. వాటిని ఒంటికి గట్టిగా నొక్కుకుని లోపలికి వచ్చింది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఈయన పక్కకు జరిగి, "నువ్వు ముందర నడువుమా," అన్నాడు.

జైతూన్ బీ ముందర నడిచింది. ఈ దేశంలో ఆమె మా ముందర నడవడం అదే మొదటిసారి. నేను వెనకే పోతూ, బోర్డుల మీది ఇంగ్లీషు చదువుతూ, కుడికి పోవాలంటే కుడి మోచేయి, ఎడమకు పోవాలంటే ఎడమ మోచేయి తాకుతున్నాను. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయిన నా చదువు ఎట్లా అక్కరకు వచ్చిందో చూడండి. ఒక మలుపు దగ్గర మాత్రం ఆమె నన్ను కాచుకోలేదు. ఆగి, పెదవులు కదిపి, ఏదో గుర్తు తెచ్చుకుని తనే తిరిగింది. నూరా అనే ఆ పిల్ల చెప్పిన గుర్తులు ఇన్నేళ్ళూ ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయని నాకు అప్పుడు తెలిసింది. తిరగ్గానే ఎదురుగా రాయి.

నానమ్మను జేజి అని పిలిచే మెహక్ "జేజీ! జేజి రాయి!" అని అరిచింది.

రాయి నిజంగానే పడుకున్న బర్రె మాదిరే ఉంది. నల్లటిది, గుంటలు గుంటలుగా, పైనుంచి పడే దీపం వెలుగులో అక్కడక్కడా మెరుస్తోంది. చుట్టూ ఇనుప గుంజలు పాతి ఎర్రటి లావాటి తాడు కట్టారు. ముట్టుకోవద్దని చెయ్యి బొమ్మ గీసి దాని మీద అడ్డగీత కొట్టిన బోర్డు పెట్టారు.

ఈయన తాడు దగ్గర నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మగవాళ్ళు అందరి ముందర ఏడిస్తే నాకు చిరాకు. ఆ రోజు రాలేదు. టెలిఫోన్ బూత్ ముందర కాచుకుని కూర్చున్న పిల్లవాడు నాకు కనబడ్డాడు. తర్వాత ఆయన చూపు తాడు మీద పడింది.

"మా, నువ్వు దీన్ని చేత్తో ముట్టుకున్యావు గదా?"

మా అత్త సంచి పట్టీని పిడికిట్లో బిగించింది. "అప్పుడు తాడు లేదు నాయనా," అంది.

"సూడు మెహక్! అప్పుడు తాడు గూడా లేదంట. మీ జేజి ముట్టుకునింది!" ఆయన గొంతు గది అంతా వినబడింది. పక్కనే కుర్చీలో కూర్చున్న ముసలి కాపలాదారు మా వైపు చూశాడు. అంతే, ఈయనకు హుషారు పుట్టింది. "ఉండు, ఆయనను అడుగుతా. అప్పుడు ఎట్లుండె, తాడు ఎప్పుడు కట్టినారు అని," అంటూ వచ్చీ రాని అరబ్బీలో సలాం చెబుతూ అటు కదిలాడు.

మా అత్త నా వైపు చూసింది. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు ఇంకేమీ తోచలేదు. సుభాన్ తొడ మీద ఒక గిల్లు గిల్లాను. వాడు మ్యూజియం కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. "ఏమయ్యా, బిడ్డ ఏడుస్తాంటే నీకు ముచ్చట్లా? ముందు ఫోటో తియ్, పోదాం," అని గద్దించాను. ఆయన కాపలాదారును వదిలి వెనక్కి వచ్చాడు. నా కొడుకు తొడ మీద ఆ ఎర్ర మచ్చ సాయంత్రం దాకా పోలేదు.

వాళ్ళమ్మను తాడు ఇవతల నిలబెట్టి, వెనక రాయి పడేలా ఫోటో తీశాడు. అక్కడికక్కడే మస్తాన్‌కు పంపాడు. పంపుతూ పైకి చదివాడు, "ఇదో రా ఫోటో. మా యమ్మ, ఆ రాయి." పంపేశాక మా అత్త వైపు గర్వంగా చూశాడు. ఆమె నవ్వింది.

తక్కిన గదులు చూశాం. పాత మట్టి గోడల ఇల్లు ఒకటి లోపలే కట్టి పెట్టారు, బావి గిలక, ఒంటె మీది జీను, కాఫీ కాచుకునే ఇత్తడి పాత్రలు. ఈయన అడుగడుగునా "ఇది అప్పుడుండెనా మా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె ఉండె నాయనా, లేదు నాయనా అని చెబుతూనే ఉంది. ఒక గదిలో కాసేపు మేమిద్దరమే పడ్డాం.

"నూరా అన్నీ సరిగ్గానే చెప్పిందిమే," అంది ఆమె మెల్లగా. "ఏదీ ఎక్కువ చెప్పలేదు. నేనే, చేత్తో ముట్టుకున్యా అని చెప్పినా. ఆ రాయి ఎదురుగా నిలబడి మళ్ళా కొడుక్కు అబద్ధం చెప్పినా. నా కండ్లకు రాయి కనపడలేదుమే. వాని ముఖమే కనపడింది. నమ్మినాడా, నమ్మలేదా అని."

బయటికి వచ్చేసరికి ఎండ మెత్తబడింది. ఈయన బండి తెస్తానని మెహక్‌ను తీసుకుని పోయాడు. మా అత్త మళ్ళీ ఆ చెట్టు దగ్గరికే పోయి ఆశ పక్కన కూర్చుంది. నేనూ పోయి కూర్చున్నాను. ఆశ ముందరి బిడ్డ లేచి బిస్కెట్టు నములుతున్నాడు.

"లోపల ఏముంటాదండీ పిన్నిగారూ?" అంది ఆశ. "మా మేడమ్‌వాళ్ళు పిల్లల్ని తీసుకుని ఇక్కడికి చాలాసార్లు వచ్చారు. బాబుని ఇచ్చేసి వెళ్తారు. మేడమ్ మంచిదే అండి, జ్యూసు కొనిచ్చే వెళ్తాది. ఇంటికాడ మా పాప మాత్రం ఫోన్ చేస్తే చాలు, ఏం చూశావమ్మా, ఏం చూశావమ్మా అంటాది. గిన్నెలు చూశానంటానా?"

మా అత్త ఆమె వైపు తిరిగి కూర్చుంది. ఒళ్ళో ఉన్న సంచులు కింద పెట్టింది. ద్వారం దాటగానే ఎంత చల్లగా ఉంటుందో, ఎక్కడ చీకటిగా ఉంటుందో, ఎక్కడ తిరిగితే రాయి కనబడుతుందో ఒక్కొక్కటే చెప్పింది. మట్టి ఇల్లు, బావి గిలక, ఇత్తడి పాత్రలు అన్నీ చెప్పింది. తాడు ఉందని కూడా చెప్పింది. ఆశ చిన్నపిల్ల కథ విన్నట్టు విన్నది. "రాయి ఎలాగుంటాదండీ ముట్టుకుంటే?" అని అడిగింది.

మా అత్త ద్వారం వైపు చూసింది. "కొత్త కుండలో నీళ్ళ మాదిరి సల్లగా ఉంటాదంట తల్లీ," అంది.

ఆశ ఫోన్ తీసి, నోటి దగ్గర పెట్టుకుని, కూతురికి పంపడానికి మాట్లాడడం మొదలుపెట్టింది. "అమ్మలూ, ఇయ్యాళ అమ్మ ఎక్కడికెళ్ళిందో తెల్సా? పెద్ద మ్యూజియంకి. అక్కడ ఆకాశంలోంచి పడ్డ రాయి ఉందమ్మా. నల్లగా, గేదె పడుకుంటే ఎంతుంటాదో అంత. అమ్మ చేత్తో ముట్టుకుంది. కొత్త కుండలో నీళ్ళలాగ చల్లగా ఉంది. నువ్వు ఏడవకుండా అన్నం తిని బడికెళ్ళు, ఈసారి ఇంకోటి చూసి చెప్తాను."

మా వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే ఈయన నిలబడి ఉన్నాడు, మెహక్ చెయ్యి పట్టుకుని. బండి రోడ్డు పక్కన నిలిపి మమ్మల్ని పిలవడానికి వచ్చాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఆ ముఖమే చెప్పింది.

"నాన్నా, జేజి చెప్పిన మాటే ఆంటీ చెప్తాంది!" అంది మెహక్. "ఆంటీ గూడా రాయి ముట్టుకునిందా?"

అంతలో ద్వారం దగ్గర నుంచి "ఆశా, యల్లా!" అని వాళ్ళ మేడమ్ పోదాం రమ్మన్న కేక వినబడింది. ఆశ ఫోన్ దాచుకుని, సంచులన్నీ భుజానికి వేసుకుని, తోపుడు బండి తోసుకుంటూ, "వస్తానండి పిన్నిగారూ" అని వెళ్ళిపోయింది. ఈయన ఆమె వెళ్ళిన వైపు చూశాడు. తర్వాత వాళ్ళమ్మ కాళ్ళ దగ్గరున్న మా సంచులను చూశాడు.

"అవును తల్లీ, ముట్టుకునింటాది," అన్నాడు మెహక్‌తో. తర్వాత వాళ్ళమ్మను అడిగాడు. "నువ్వు యాడ కూర్చునేదానివి మా?"

మా అత్త తల ఎత్తలేదు. "ఈడ్నే. అప్పుడు బెంచీలు లేవు. ఆ గట్టు మీద."

"ఎండ తగల్లేదా?"

"ఈ చెట్టు అప్పుడు నా నడుమెత్తు ఉండె. బిడ్డకు నా తలగుడ్డ కొంగు అడ్డం పెట్టేదాన్ని."

ఈయన చెట్టు పైదాకా చూశాడు. పోయి చెట్టు చుట్టూ కట్టిన గట్టు మీద కూర్చున్నాడు. మేమంతా ఆయన ఏమంటాడో అని చూస్తున్నాం. తిట్టినా బాగుండు అనిపించింది.

"నేను ఆ రాయి కోసమే ఈ దేశం వచ్చినా మా," అన్నాడు.

"తెలుసు నాయనా. కువైట్ వద్దు, సౌదీకి పోతా అన్నెప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు." ఆమె ఏడుస్తోంది. తలగుడ్డ కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది. "నువ్వు ఫోన్లో ఏడుస్తాంటే నీకిచ్చేదానికి నా దగ్గర ఇంకేం లేకపోయె. నా కొడుకువు, నీకు అబద్ధం ఇచ్చినా."

ఈయన జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. పైకి చదివాడు. "మస్తాన్ పంపినాడు. 'ఒప్పుకుంటి రా అబ్బా. చిన్నప్పుడు నేను నమ్మకపోతి. మీ యమ్మకు నా సలాం చెప్పు.'"

చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. జవాబు ఏమీ రాయలేదు. వచ్చి వాళ్ళమ్మ ముందర చతికిలబడి, ఆమె కాళ్ళ దగ్గరి సంచులు ఒక్కొక్కటే తీసి నాకు ఇచ్చాడు. పాలసీసాల సంచి, తినుబండారాల సంచి, నీళ్ళ బాటిల్. ఎప్పుడూ దేనికో ఒకదానికి గొణిగే నేను అన్నీ తీసి భుజాన వేసుకున్నాను.

"లేయ్ మా. ఇంగొకసారి పోదాం లోపలికి."

"ఏంటికి నాయనా? చూసినాం గదా."

"నాకు చూపిస్తివి. నువ్వు యాడ చూసినావు? ఇప్పుడు నువ్వు చూడు. నేను ఏమీ అడగను."

ఆమె లేచింది. భుజాన సంచి లేదు, చంకన బిడ్డ లేడు. ఆ చేతులను ఏం చేసుకోవాలో తెలియనట్టు కాసేపు అబాయా సర్దుకుంది, కాసేపు కొంగు పట్టుకుంది. ఒక చేతిని ఈయన పట్టుకున్నాడు, ఇంకో చేతిని మెహక్ పట్టుకుంది. ముగ్గురూ పక్కపక్కన ద్వారం వైపు నడిచారు. ఆమె వెనకబడబోయినప్పుడల్లా ఈయన ఆగి కలుపుకున్నాడు.

నేను సుభాన్‌ను ఒళ్ళో పెట్టుకుని, సంచులు పక్కన పెట్టుకుని, ఆ గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి వీడికి ఆకలేసింది. పాలిచ్చాను. తర్వాత నిద్రొచ్చి ఏడ్చాడు. జోకొట్టాను. ఎవరెవరి కుటుంబాలో నవ్వుకుంటూ లోపలికి పోతున్నాయి, బయటికి వస్తున్నాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మావాళ్ళేనేమో అని చూశాను. చాలాసేపు వాళ్ళు రాలేదు.